మొదటి మంగళవారం వేలంపాట

అమెరికాలో మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే 2006 దాకా గ్రీన్ కార్డు, స్టాకులు, కొత్త సినిమాలు. 2009 తర్వాత పాట్‌లక్కుల్లో ఒకటే కబురు: "ఫలానా ఆయన ఫోర్‌క్లోజర్‌లో ఇల్లు కొట్టాడట, సగం రేటుకే!" ఆ ఫలానా వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

మేముండే జార్జియాలో పద్ధతి మహా సింపుల్. అప్పు కట్టకపోతే బ్యాంకువాడు కోర్టులో కేసు కూడా వెయ్యక్కర్లేదు. నాలుగు వారాలు కౌంటీ పేపర్లో ప్రకటన వేస్తాడు, నెలలో మొదటి మంగళవారం కోర్టు మెట్ల దగ్గర వేలం. చెక్కు చేత్తో పట్టుకుని వెళ్ళాలి. లోపల ఎలా ఉందో చూడనివ్వరు. ఒక్కోసారి పాత ఓనరు ఇంకా అందులోనే ఉంటాడు. 2011లో మేం ముగ్గురం తలా కొంత వేసుకుని అట్లాంటా శివార్లలో ఒకటి పాడుకున్నాం. తలుపు తీస్తే వంటింట్లో స్టవ్వు లేదు, గోడల్లో రాగి పైపులు లేవు. ఎవరో పీక్కుపోయారు.

ఇంత చవకగా ఎందుకొచ్చాయంటే, జీతమెంతో చూడకుండా అప్పులిచ్చారు. మొదటి రెండేళ్ళు వడ్డీ తక్కువ, ఆ తర్వాత చుక్కలే. ధరలు పడేసరికి ఇంటి విలువ కంటే అప్పే ఎక్కువైంది. ఫీనిక్స్‌లో రేట్లు శిఖరం నుంచి సగానికి పైగా పడిపోయాయి.

అమెరికాకి ఇది కొత్తేం కాదు. 1933లో రూజ్వెల్ట్ ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అని ఒకటి పెట్టింది. మునిగిపోతున్న అప్పుల్ని బ్యాంకుల నుంచి తీసుకుని, పదిహేనేళ్ళ వాయిదాల మీద ఆ ఇంటివాళ్ళకే తిరగరాసింది. అలా పది లక్షల పైచిలుకు ఇళ్ళు. అందులోనూ దాదాపు రెండు లక్షల మంది కట్టలేక ఇల్లు పోగొట్టుకున్నారు. కానీ ఆ ఇళ్ళన్నీ ఒక్కసారే సంతలో పడెయ్యలేదు. బాగుచేసి, అద్దెకిచ్చి, మెల్లిగా అమ్మింది. 1951లో మూసేసేటప్పటికి కాస్త లాభమే మిగిలింది. సర్కారు సంస్థ, అదీ లాభంతో! మా కొలీగ్‌కి చెబితే నమ్మలేదు :-)

ఈసారి అలా జరగలేదు. 2012 ఫిబ్రవరిలో వారెన్ బఫెట్ టీవీలో, చూసుకునే దారుంటే రెండు లక్షల ఇళ్ళు కొనేవాణ్ణన్నాడు. ఆ దారేదో బ్లాక్‌స్టోన్ వాళ్ళు కనుక్కున్నారు. ఆ ఏడాదే ఫీనిక్స్‌లో మొదలెట్టి, ఇన్విటేషన్ హోమ్స్ పేరుతో 2013 చివరికల్లా నలభై వేల దాకా కొన్నారు. 2013 నవంబరులో 3,207 ఇళ్ళ అద్దెల్ని మూటకట్టి 47.9 కోట్ల డాలర్ల బాండ్లుగా అమ్మారు. ఇళ్ళ అప్పుల్ని మూటకట్టే కొంప ముంచుకున్నారు కదా, ఇప్పుడు అద్దెల మూట! వేలంలో వాళ్ళ మనుషులు ట్యాబ్లెట్లు పట్టుకుని నిలబడితే మాబోటి వాళ్ళం కాఫీ తాగి వెనక్కొచ్చేవాళ్ళం.

సరే, మా ఇంటి సంగతి. పైపులు వేయించి అద్దెకి పెట్టాం. ఒక జంట వచ్చారు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు, ఆవిడ ఆస్పత్రిలో పని. జీతాలు సరిపోతాయి. ఫారంలో "పాత ఇల్లు ఎందుకు ఖాళీ చేశారు" అన్నచోట "బ్యాంకు తీసుకుంది" అని రాశారు. మేం పెట్టుకున్న రూల్సులో మూడోది, ఫోర్‌క్లోజర్ అయినవాళ్ళకి ఇవ్వకూడదని. ఆ రూలు ఎక్సెల్ షీట్‌లో టైప్ చేసింది నేనే.

"పోనీ ఇచ్చేద్దాం బాస్" అన్నాను. "రూలు మనమే తప్పితే ఎలా గురూ, రేపు అద్దె ఎగ్గొడితే నీ వాటాలోంచి ఇస్తావా?" అన్నాడు పార్ట్‌నరు. ఇస్తాననలేదు నేను. కుదరదని రెండు లైన్ల మెయిలు పంపాను. ఆవిడ థాంక్స్ అని జవాబిచ్చింది. ఇల్లు ఇంకో రెండు నెలలు ఖాళీగా ఉంది, తర్వాత ప్రాజెక్టు మీద వచ్చిన మన తెలుగబ్బాయే దిగాడు.

2018లో అమ్మేశాం, పెట్టినదానికి రెట్టింపు పైనే వచ్చింది. కొన్నది కూడా అద్దెల కంపెనీయే. లోపలికొచ్చి చూడను కూడా చూడలేదు.