ఇంకు నీలమే... కానీ ఏ నీలం?

మొన్న ఊళ్ళో అటక సర్దుతుంటే తాతయ్య ఉత్తరాల కట్ట దొరికింది. ఎప్పుడో వానకి తడిసినట్టుంది. నాన్న ఉద్యోగానికి ఊరొదిలిన ఏడాది రాసినవన్నీ ఒట్టి నీలి మరకలు! మిగతావాటిలో మాత్రం అక్షరాలు నల్లగా అలాగే ఉన్నాయి. ఎందుకిలా అని ఇంకుల చరిత్ర తవ్వడం మొదలెట్టా.

కొట్టుకుపోయింది వాషబుల్ బ్లూ. బట్టల మీద ఒలికినా ఉతికితే పోవాలని చేసిందే అది, దాన్ని తిట్టి లాభం లేదు. నిలబడింది పాతరకం బ్లూ-బ్లాక్. ఐరోపాలో వందల ఏళ్ళు దస్తావేజులు రాసింది మాచికాయల రసంలో అన్నభేది కలిపిన సిరాతోనే. అది రాసేటప్పుడు వెలవెలబోతూ ఉంటుంది, గాలి తగిలాకే నల్లబడుతుంది. మరి రాస్తున్నది కనబడాలి కదా? అందుకని 19వ శతాబ్దంలో అందులో నీలిమందు కలిపారు. అంటే ఆ నీలం మన భాషలో టెంపరరీ ఫైలు, అసలు డేటా ఇనుములో ఉంది :)

ఇప్పుడు సీసా మీద బ్లూ-బ్లాక్ అని ఉన్నంత మాత్రాన నమ్మకండి, చాలావాటిలో ఉండేది రంగే. "ఐరన్ గాల్" అని ఉందేమో చూసి కొనండి. అన్నట్టు దీంట్లో ఆమ్లం ఉంటుంది, పెన్నులో ఎండిపోనివ్వకూడదు. తాతయ్య పెన్నులో నేనిప్పుడు అదే పోస్తున్నా, నెలకోసారి కడుగుతున్నా.