కమాండ్‌లైన్ షెల్

కంప్యూటరు వాడుకరి కీబోర్డు ద్వారా ఇచ్చిన ఆదేశాలను చదివి, వాటి ప్రకారం ఇతర ప్రోగ్రాములను నడిపించే ప్రోగ్రామును కమాండ్‌లైన్ షెల్ అంటారు. ఇంగ్లీషులో షెల్ అనగా పెంకు లేదా చిప్ప. ఆపరేటింగు సిస్టమ్ లోపలి భాగాన్ని కెర్నెల్ (గింజ) అనీ, వాడుకరికీ దానికీ నడుమనున్న పొరను షెల్ అనీ వ్యవహరిస్తారు. తెర మీద అక్షరాలు కనిపించే కిటికీనే షెల్ అని చాలామంది పొరబడుతుంటారు. ఆ కిటికీ పేరు టెర్మినల్. షెల్ దాని వెనుక పనిచేస్తుంది.

పనిచేసే విధానం

షెల్ ముందుగా ప్రాంప్టు అనే చిన్న గుర్తును చూపి ఆదేశం కోసం ఎదురుచూస్తుంది. వాడుకరి ఒక వరుస టైపు చేసి ఎంటర్ మీట నొక్కగానే, దానిని ఖాళీల వద్ద మాటలుగా విడగొడుతుంది. సాధారణంగా మొదటి మాట ప్రోగ్రాము పేరు. మిగిలినవి ఆ ప్రోగ్రాముకు అందించవలసిన వివరాలు. షెల్ ఆ ప్రోగ్రామును వెదకి, కెర్నెల్ సహాయంతో నడిపించి, అది ముగిశాక మళ్ళీ ప్రాంప్టు చూపుతుంది.

యునిక్స్ తరహా షెల్‌లలో * గుర్తుకు "ఏ అక్షరాలైనా" అని అర్థం. ఈ గుర్తు స్థానంలో ఫైళ్ళ పేర్లను చేర్చేది షెల్లే గాని, నడవబోయే ప్రోగ్రాము కాదు. కొత్తగా నేర్చుకొనేవారు తప్పక గమనించవలసిన విషయమిది. ఉదాహరణకు ఆర్ఎమ్ అనేది ఫైళ్ళను తొలగించే ప్రోగ్రాము. ".టీఎక్స్‌టీ"తో ముగిసే ఫైళ్ళను మాత్రమే తొలగించదలచినవారు * తరువాత పొరపాటున ఒక ఖాళీ వదిలితే, షెల్ దృష్టిలో అవి రెండు వేర్వేరు మాటలు. విడిగా మిగిలిన * స్థానంలో, చుక్కతో మొదలయ్యేవి తప్ప, ఆ డైరెక్టరీలోని పేర్లన్నీ చేరిపోతాయి. ఆ పేర్లు ఎలా వచ్చాయో ఆర్ఎమ్‌కు తెలియదు. అన్ని ఫైళ్ళనూ తొలగిస్తుంది. అవి చెత్తబుట్టలోకి కూడా చేరవు. అందుచేత అదే వరుసను ముందుగా ఎకో అనే ఆదేశంతో నడిపి, ఏయే పేర్లు వస్తున్నాయో చూసుకోవడం మేలు.

ఒక్క అక్షరాన్ని సూచించేందుకు ? గుర్తును వాడతారు. యూనికోడులో గుణింతపు గుర్తులను విడిగా లెక్కిస్తారు కాబట్టి, "తెలుగు" అనే పేరుగల ఫైలుకు బాష్ షెల్‌లో మూడు కాక ఆరు ? గుర్తులు కావాలి.

చరిత్ర

1963-64 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేస్తున్న ఫ్రెంచి శాస్త్రవేత్త లూయి పూజాన్, ఆదేశాలను ఒక ఫైలులో రాసి ఉంచి వరుసగా నడిపించే రన్‌కామ్ అనే ప్రోగ్రామును రూపొందించాడు. షెల్ అనే పేరు పెట్టింది కూడా ఇతడే. అతని ఆలోచన ఆధారంగా 1965లో గ్లెండా ష్రోడర్ తదితరులు మల్టిక్స్ వ్యవస్థకు తొలి షెల్ తయారుచేశారు. నేటికీ షెల్ అమరికల ఫైళ్ళ పేర్ల చివర కనిపించే "ఆర్‌సీ" అనే అక్షరాలు రన్‌కామ్ నుండి వచ్చినవే.

1971లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన కెన్ థాంప్సన్ యునిక్స్‌కు షెల్ రాశాడు. ఇందులో షెల్ కెర్నెల్‌లో భాగం కాదు, మిగతావాటి వంటి మామూలు ప్రోగ్రామే. కాబట్టి నచ్చనివారు మరొకటి రాసుకోగలిగారు. 1973లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ సూచనపై పైపు వచ్చి చేరింది. | గుర్తుతో రాసే ఈ సౌకర్యం ద్వారా ఒక ప్రోగ్రాము ఫలితం నేరుగా మరొకదానికి అందుతుంది.

1979లో విడుదలైన ఏడవ యునిక్స్‌తో స్టీఫెన్ బోర్న్ షెల్ వెలువడింది. ఆల్గాల్ భాషపై అభిమానం వల్ల అతడు "ఇఫ్"తో మొదలైన భాగాన్ని ఆ మాటనే తిరగవేసి "ఫి"తో ముగించాడు. నేర్చుకొనేవారికి ఇది ఇప్పటికీ వింతగానే తోస్తుంది. అదే కాలంలో బర్కిలీలో బిల్ జాయ్ సీ షెల్‌ను, తరువాత డేవిడ్ కార్న్ కార్న్ షెల్‌ను రూపొందించారు. గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ 1989లో విడుదలై, లినక్సుతో పాటు విస్తరించింది. 2014లో బయటపడిన షెల్‌షాక్ అనే భద్రతా లోపం అందులో సుమారు పాతికేళ్ళుగా దాగి ఉన్నదే. 1990లో పాల్ ఫాల్‌స్టాడ్ రాసిన జడ్‌షెల్‌ను 2019 నుండి ఆపిల్ తన మాక్ కంప్యూటర్లలో బాష్ స్థానంలో ఉంచింది. మైక్రోసాఫ్టు 2006లో పవర్‌షెల్‌ను విడుదల చేసింది. ఇందులో పైపు ద్వారా వట్టి అక్షరాలు కాక, ఆబ్జెక్టులు ప్రయాణిస్తాయి.