వేగానికి కళ్లెం: ఎర్రజెండా నుంచి కారులోని బీప్ మోత వరకు

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంఘం వారు కోరారు. రాజుల గురించి, కోటల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. చట్టాలు, రూల్సు, నోటిఫికేషన్లు చదవడం నాకు అలవాటు. అందుచేత మన చిట్యాల మీదుగా రాత్రింబగళ్లు పరుగెత్తే కార్లలో వినిపించే ఒక చిన్న మోత వెనుక ఎంత చరిత్ర ఉన్నదో నా శక్తి మేరకు వివరిస్తాను.

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లలో వేగం 80 కిలోమీటర్లు దాటితే మధ్యమధ్య బీప్ మని మోగాలి. 120 దాటితే ఆగకుండా మోగాలి. ఏ.ఐ.ఎస్. 145 అనే ప్రమాణం ప్రకారం వచ్చిన ఏర్పాటు ఇది. డ్రైవరు ముందర ఎయిర్‌బ్యాగు, బెల్టు పెట్టుకోకపోతే గుర్తుచేసే మోత, బండిని వెనక్కి తీసేటప్పుడు హెచ్చరించే సెన్సర్లు కూడా దానితోపాటే తప్పనిసరి అయ్యాయి. చాలామంది ఈ బీప్ మోతనే స్పీడ్ లిమిటర్ అనుకుంటున్నారు. రెండూ ఒకటి కావు. మోత హెచ్చరించి ఊరుకుంటుంది, ఎంత తొక్కితే బండి అంత పోతూనే ఉంటుంది. లిమిటర్ మాత్రం నిర్ణయించిన వేగం రాగానే ఇంజనుకు ఇంధనం తగ్గించి, ఆపైన పోనివ్వదు. ఎవరి బండికి లిమిటర్ పెట్టారు, ఎవరి బండికి మోత మాత్రమే పెట్టి వదిలారు అన్నదే ఈ చరిత్రలో అసలు విషయం.

ఎర్రజెండా పట్టిన మనిషి

మోటరు వాహనాలకు వేగపరిమితి పుట్టింది ఇంగ్లండులో. 1865లో అక్కడ చేసిన చట్టం ప్రకారం ఆవిరి బండ్లు పల్లెల్లో గంటకు 4 మైళ్లు, పట్టణాల్లో 2 మైళ్లు మించి పోరాదు. బండి ముందర ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలి. అంటే మన ఎడ్లబండి కూడా దాన్ని దాటిపోగలదు. 1896 జనవరిలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన 2 మైళ్ల పరిమితి ఉన్నచోట 8 మైళ్ల వేగంతో పోగా, పోలీసు సైకిలు మీద వెంటపడి పట్టుకున్నాడు. కోర్టు జరిమానా వేసింది. అదే సంవత్సరం చట్టం మార్చి పరిమితిని 14 మైళ్లకు పెంచారు.

పరిమితి ఉంటే సరిపోదు, బండి ఎంత వేగంతో పోతున్నదో తెలియాలి కదా. 1902లో జర్మనీకి చెందిన ఓటో షుల్జ్ స్పీడోమీటరుకు పేటెంటు పొందాడు. చక్రంతోపాటు తిరిగే ఒక అయస్కాంతం, దాని పక్కన లోహపు గిన్నె, ఆ గిన్నెకు ముల్లు. అయస్కాంతం ఎంత వేగంగా తిరిగితే ముల్లు అంత పక్కకు జరుగుతుంది. మన కాలపు అంబాసిడర్లు, బస్సులు, స్కూటర్లు అన్నింటిలోనూ ఈ సూత్రమే పనిచేసింది. ఇప్పటి కార్లలో చక్రాల దగ్గర సెన్సర్లు ఉండి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కను కంప్యూటరుకు పంపుతాయి. బీప్ మోతకు ఆధారం ఆ లెక్కే.

ఇంజనులోని గవర్నరు

గవర్నర్ అనగానే మనకు రాజ్‌భవన్ గుర్తుకొస్తుంది గానీ, యంత్రాలకు అంతకంటే పాత గవర్నరు ఒకటి ఉన్నది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్లున్న పరికరం అమర్చాడు. యంత్రం వేగం పెరిగితే గుండ్లు ఎడంగా పైకి లేస్తాయి, అప్పుడు ఆవిరి వచ్చే దారి కొంత మూసుకుంటుంది. వేగం తగ్గితే గుండ్లు దిగి, దారి తెరుచుకుంటుంది. 1927లో జర్మనీలోని బాష్ కంపెనీ డీజిల్ పంపుల తయారీ మొదలుపెట్టింది. ఆ పంపుల్లోనూ ఇలాంటి గుండ్ల గవర్నరే కుదురుకుంది.

మన ప్రాంతంలో ప్రభుత్వ బస్సులకు పునాది పడింది 1932 జూన్‌లో. నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. అది 1951 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వానికి బదిలీ అయింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. నేను కొలువు చేసే రోజుల్లో చిట్యాల నుంచి నార్కట్‌పల్లి మీదుగా నల్లగొండకు బస్సులోనే పోయి వచ్చేవాణ్ణి. డ్రైవరు ఎంత తొక్కినా బస్సు ఒక హద్దు దాటేది కాదు. వెనుక నుంచి పడుచు పిల్లలు ‘పోనియ్ అన్నా’ అని కేకలు వేస్తే, ‘డిపోల పంపుకు సీలేసిండ్రు, నేనేం చెయ్యాలె’ అని డ్రైవరు నవ్వేవాడు. ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యమైనా, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లం.

కిరాయి బండికి కళ్లెం, సొంత బండికి సలహా

సొంత కార్లకూ గవర్నరు పెట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. 1923లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో, పిల్లలు కార్ల కింద పడి చనిపోవడం చూసి కడుపు మండిన ప్రజలు, ప్రతి కారుకు 25 మైళ్లు దాటనివ్వని పరికరం బిగించాలని అర్జీ పెట్టారు. 42,000 మంది సంతకాలు చేశారు. కార్ల వ్యాపారులందరూ ఏకమై పెద్దఎత్తున ప్రచారం చేసి, ఓటింగులో దాన్ని ఓడించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు మోటరు కంపెనీలు వేగం పెంచే పోటీలోనే ఉన్నాయి.

మధ్యలో ఒక అంధుడి కథ చెప్పుకోవాలి. రాల్ఫ్ టీటర్ చిన్నతనంలోనే చూపు కోల్పోయిన అమెరికన్ ఇంజనీరు. తన లాయరు మాట్లాడుతూ కారు నడిపితే ఒకసారి వేగం, ఒకసారి నెమ్మది అయి కుదుపులు వచ్చేవట. ఆ విసుగులోంచి వేగాన్ని ఒకే తీరుగా నిలిపే పరికరం కనిపెట్టాడు. 1958లో క్రైస్లర్ కంపెనీ దాన్ని తన కార్లలో పెట్టింది. ఇప్పుడు మన పిల్లలు క్రూజ్ కంట్రోల్ అనేది అదే. చూపు లేని మనిషి కళ్లున్న డ్రైవర్లకు నిదానం నేర్పాడన్నమాట.

జపానులో 1970లలోనే కార్లకు హెచ్చరిక మోత పెట్టారు. సుమారు 100 కిలోమీటర్లు దాటగానే గుడి గంటలా మోగేది. 1986లో ఆ నిబంధన ఎత్తేశారు. ఐరోపాలో 1992లో లారీలకు, బస్సులకు లిమిటర్లు వచ్చాయి. స్వీడన్‌కు చెందిన వోల్వో కంపెనీ 2020 నుంచి తన కార్లను 180 కిలోమీటర్లు దాటనివ్వమని తనంతట తానే ప్రకటించింది. ఐరోపా యూనియన్‌లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో, కెమెరాతోనో మ్యాపుతోనో అక్కడి వేగపరిమితిని గుర్తించి డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు ఉండాలి. డ్రైవరు దాన్ని ఆపేసినా, మళ్లీ బండి స్టార్టు చేయగానే అది పనిలోకి వస్తుంది.

మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలో వేగపరిమితులు ఉన్నాయి. దాని స్థానంలో వచ్చిన 1988 చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. అందులో 112వ సెక్షన్ వేగపరిమితి గురించి, 183వ సెక్షన్ దాన్ని దాటితే శిక్ష గురించి. 1989 కేంద్ర నిబంధనల్లో 118వది స్పీడ్ గవర్నర్ల గురించి. 1997 నవంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీలో తిరిగే బస్సులు, లారీలు 40 కిలోమీటర్లు దాటకుండా పరికరాలు బిగించాలని ఆదేశించింది. 2015 ఏప్రిల్ నోటిఫికేషన్ ప్రకారం, ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలు, బస్సుల వంటి రవాణా వాహనాలు 80 దాటకుండా, స్కూలు బస్సులు, ట్యాంకర్లు, డంపర్లు 60 దాటకుండా గవర్నరు ఉండాలి. సొంత కార్లకు నాలుగేళ్ల తర్వాత వచ్చింది బీప్ మోత మాత్రమే.

ఫైళ్లు చదివినవాడిగా నాకు ఇందులో ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తున్నది. జీతానికి నడిపే డ్రైవరును ప్రభుత్వం కట్టడి చేసింది, సొంతదారుకు సలహా ఇచ్చి ఊరుకుంది. సిన్సినాటిలో జరిగిందే ఇక్కడా జరిగింది. బండి ఎవరిదైనా దాని కింద పడే మనిషికి తేడా ఏముంటుంది?

మన రోడ్డు, మన లెక్క

మన పెద్ద రోడ్డు ఒకప్పుడు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65వ నంబరు. 2012 ప్రాంతంలో హైదరాబాద్–విజయవాడ మధ్య అది నాలుగు వరుసలైంది. ఇదివరకు 80 దాటితే అంబాసిడర్ కారు తనంతట తానే వణికి డ్రైవరును హెచ్చరించేది. ఇప్పటి కారు 120లో కూడా ఊయలలా పోతుంది, లోపలివారికి వేగం తెలియదు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం డివైడరున్న నాలుగు వరుసల రోడ్ల మీద కార్లకు 100 దాకా అనుమతిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. 2021లో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టివేసింది.

లెక్క చూడండి. 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 17 మీటర్లు పోతుంది, 100లో అయితే 28 మీటర్లు. రోడ్డుకు ఒక పక్క రెండు వరుసలు కలిపి 7 మీటర్ల వెడల్పు. మనబోటి వయసువారు దాటడానికి 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలో 100 వేగంతో వచ్చే కారు 220 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. దూరంగా చిన్నగా కనిపించింది కదా అని అడుగు వేసినవారు, రోడ్డు మధ్యకు వచ్చేసరికి అది మీదికి వచ్చి ఉంటుంది. వేగం 80 నుంచి 100కు పెరిగితే దెబ్బ బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు 4 శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంతా చేసి మిగిలేది ఎంత? 80 కిలోమీటర్ల ప్రయాణాన్ని 80 వేగంతో పోతే గంట, 100తో పోతే 48 నిమిషాలు. అంటే పన్నెండు నిమిషాలు.

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి వస్తున్న బస్సు కల్వర్టును కొట్టుకొని కాలిపోయి 45 మంది మరణించారు. 2018 ఆగస్టు 29న మన నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు ప్రమాదంలో నందమూరి హరికృష్ణ గారు కన్నుమూశారు. ఇవి పత్రికలకెక్కినవి. పత్రికలకెక్కనివి మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. కొడుకును రోడ్డు మింగితే, తాత పెన్షన్ మీద మనుమలు చదువుకుంటున్న ఇళ్లు మన సభ్యుల్లోనే ఉన్నాయి. ఆ ఇళ్లకు పోయి కూర్చున్నవారికి ఆ పన్నెండు నిమిషాల విలువ ఎంతో నేను చెప్పనక్కర లేదు.

ఇప్పుడు కొందరు కుర్రవాళ్లు ‘ఈ మోత తలనొప్పి’ అని మెకానిక్కుతో తీగ తీయిస్తున్నారు. కొన్ని లారీలకు గవర్నరు ఫిట్‌నెస్ పరీక్ష నాడు ఉంటుంది, మర్నాడు ఉండదు. స్పీడ్ గన్ను ఉన్నచోట నెమ్మదించి, దాటగానే తొక్కేవారి సంగతి సరేసరి. పరికరం ఎంత తెలివైనదైనా, దాన్ని ఊడబీకే చేతి ముందు ఓడిపోతుంది.

కాబట్టి సభ్యులకు నా మనవి. మీ ఇంట్లో కారు ఉంటే, ఆ మోత పనిచేస్తున్నదా లేదా ఒకసారి కూర్చొని చూడండి. చాలా కార్లలో మనకు కావలసిన వేగానికి హెచ్చరిక పెట్టుకునే వీలున్నది, ఊళ్ల మీదుగా పోయేటప్పుడు 60కి పెట్టించండి. తీగ తీయిస్తానని కొడుకో అల్లుడో అంటే, పెద్దరికం వాడి వద్దనండి. స్కూలు బస్సుకు గవర్నరు ఉన్నదా అని మనుమల బడిలో అడగండి, అది మన హక్కు. మోత మోగినప్పుడు ‘ఆగు నాయనా, తొందరేమున్నది’ అని మనం కూడా ఒక మాట కలుపుదాం. కారు మాట వినకపోయినా, తాత మాట వినే పిల్లలు ఇంకా ఉన్నారు.