ఫిడేలు డ్రాయింగు కోసం

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు సర్వీసు జ్ఞాపకాలు వ్రాద్దామనుకున్నాను. కాని ఉద్యోగ విరమణ తరువాత నన్ను ఎక్కువకాలం పట్టుకున్న పని మరొకటి ఉంది. అదే మనవి చేస్తున్నాను.

ద్వారం వెంకటస్వామినాయుడుగారి కచేరీ విన్న ఉత్సాహంతో మా నాన్నగారు 1950లలో సొంతంగా ఒక ఫిడేలు చేయడం మొదలుపెట్టారు. పూర్తి చేయలేదు. ఆయన పోయిన తరువాత ట్రంకుపెట్టెలో ఒక టేకు అచ్చు, దానిచుట్టూ వంచడానికి కోసిన పలుచని బద్దలు, ఒక ట్రేసింగు దొరికాయి. ట్రేసింగు మూల "పత్రిక నుండి" అని మాత్రం ఉంది. ఏ పత్రికో, ఏ నెలో లేదు. ఎందుకు ఆపేశారని అమ్మను అడిగితే "కుదరలేదన్నారు నాయనా" అంది. నేను ముప్పై ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాణ్ణి. కుదరనిది చెక్కా, డ్రాయింగా అన్నది తేల్చుకోవాలనిపించింది.

ఇంట్లో కూర్చుని ఫిడేలు చేసుకోవచ్చునని పత్రికాముఖంగా చెప్పినవారిలో ముఖ్యుడు ఎడ్వర్డ్ హెరాన్-ఆలెన్ (1861-1943). లండనులో తండ్రిగారి న్యాయవాద కార్యాలయంలో పని నేర్చుకుంటూనే, దగ్గరలోని వార్డర్ వీధిలో ఫిడేళ్ళు చేసే జార్జి షానో వద్ద చేరి ఆ విద్య నేర్చాడు. గురువు నుండి శిష్యునికి మాత్రమే చేరే ఆ పనిని 'అమెచ్యూర్ వర్క్ ఇలస్ట్రేటెడ్' అనే పత్రికలో ధారావాహికంగా వ్రాశాడు. 1884లో అది పుస్తకంగా వచ్చింది. ఈయనే తరువాత పారసీకం నేర్చి, 1898లో ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఇంగ్లీషులోకి అనువదించాడు. దువ్వూరి రామిరెడ్డిగారి 'పానశాల' చదివిన మనకు ఈ పెద్దమనిషి మరీ పరాయివాడుగా తోచడు. 1902లో షికాగోలో మొదలైన 'పాపులర్ మెకానిక్స్' వంటి పత్రికలు కూడా ఇంటి వద్ద చేసుకునే పనులను డ్రాయింగులతో సహా చెబుతూ వచ్చాయి.

అసలు చిక్కు డ్రాయింగు దగ్గరే వచ్చింది. ఫిడేలు పొడవు పత్రిక పేజీలో పట్టదు. అందుచేత పెద్ద డ్రాయింగును మడత కాగితంగా జతచేసేవారు. నేను చూచిన బైండు పుస్తకాలలో వ్యాసం ఉంటే ఆ కాగితం లేదు. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. ఫిడేలు చేయదలచినవాడు దానిని తీసి బల్లమీద పరచి, గీత వెంట కత్తిరించి, చెక్కకు అంటించి ఉంటాడు. పనికివచ్చిన కాగితం పనిలోనే పోయింది. ఇంటర్నెట్‌లో వెదికినా, కొన్నిచోట్ల కాగితాన్ని విప్పకుండానే ఫోటో తీశారు.

పేజీలో కుదించి వేసిన బొమ్మను జిరాక్సులో పెంచవచ్చుగదా అంటారు. పెంచవచ్చు, కాని నమ్మరాదు. ఫిడేలు ఒంటి పొడవు సుమారు 356 మి.మీ., పై వెడల్పు 168, క్రింది వెడల్పు 208. పొడవు, వెడల్పు రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగాయో లేదో కొలిచి చూడాలి. లేకుంటే బొమ్మ సాగిపోయినట్లే.

ఈ లెక్కతో నాన్నగారి ట్రేసింగు కొలిచాను. పొడవు సరిగ్గా 14 అంగుళాలు, వెడల్పులూ సరిపోయాయి. డ్రాయింగు తప్పు కాదు. తరువాత అచ్చు కొలిచాను. అదీ 14 అంగుళాలే! అప్పుడు తెలిసింది. ఫిడేలు పైపలక, అడుగుపలక పక్కబద్దలను దాటి చూరులాగా చుట్టూ రెండున్నర మి.మీ. బయటికి వస్తాయి. బద్ద మందం మరొక మి.మీ. అంటే బద్దలను వంచే అచ్చు చుట్టూ మూడున్నర చొప్పున లోపలికి ఉండాలి. మొత్తం పొడవు సుమారు 349 మి.మీ. కావాలి. నాన్నగారు బయటి గీతనే అచ్చుగా కోశారు. పలక పెట్టి చూచినప్పుడు బద్దలు దానికంటే బయటికి వచ్చి ఉంటాయి. ఆయనకు చేయి తిరగక కాదు. లోపలి గీత సంగతి చెప్పే మాటలు ఆయనకు చేరలేదు. ధారావాహికలో ఒక్క సంచిక తప్పితే చాలు, ఇలా అవుతుంది.

ఆ పాత అచ్చును నేను ముట్టుకోలేదు. ట్రేసింగు మీద ఎర్ర పెన్సిలుతో లోపలి గీత గీసి, కొలతలు వ్రాసి, తేదీ వేశాను. దాని ప్రకారం రెండవ అచ్చు చేయించాను. ఆయన కోసిన బద్దలే దానిచుట్టూ వంచాలని ఉంది. ఈ మాట వినడానికి ఇప్పుడు అమ్మ లేదు.

మన సభ్యుల ఇళ్ళలో పాత పత్రికల బైండ్లు అటకమీద ఉండే ఉంటాయి. ఏదైనా మడత కాగితం కనబడితే మెల్లగా విప్పి, ఒక నకలు తీసి, వెనుక పత్రిక పేరు, నెల, సంవత్సరం వ్రాయవలసిందిగా కోరుతున్నాను. అంతమాత్రం మా ఇంట్లో చేసివుంటే ఈ వెదుకులాట అవసరం ఉండేది కాదు.