ఐర్లండు పేర్లలో కథలు

పేరును చెవిని పడ్డట్టు పరాయి లిపిలో రాస్తే ఏం పోతుందో ఐర్లండు వాళ్ళని అడగాలండీ.

అక్కడ లౌత్ జిల్లాలో ఆర్డీ అనే ఊరుంది. ఇంగ్లీషులో ఆ మాటకి అర్థమే లేదు. ఐరిష్ భాషలో అది 'ఫెర్డియా రేవు'. ఒకే గురువమ్మ దగ్గర యుద్ధవిద్య నేర్చిన స్నేహితులు కూహులిన్, ఫెర్డియా ఆ ఏటిరేవులో తలపడ్డారట. నాలుగోరోజున ఫెర్డియా కూలిపోయాడు.

బాయిన్ నది కథ ఆడవాళ్ళం తప్పక వినాలి. నెఖ్తన్ అనే ఆయనకి ఓ రహస్యపు బావి. ఆయనా, పానపాత్రలందించే ముగ్గురు పరిచారకులూ తప్ప ఇంకెవరూ దాని దరికి పోరాదు. ఆయన భార్య బోవన్ ఊరుకోలేదు. వెళ్ళి బావిచుట్టూ మూడుసార్లు అప్రదక్షిణంగా తిరిగింది. నీళ్ళు ఉవ్వెత్తున లేచి, సముద్రందాకా తరిమి ఆమెను ముంచేశాయి. ఆ నీళ్ళే బాయిన్ నది. శిక్ష ఆమెకి వేసినా నదికి పేరు మాత్రం ఆమెదే నిలిచింది. ఆ ముగ్గురు పరిచారకుల పేర్లు ఎవరికి కావాలి చెప్పండి!

1824లో ఇంగ్లీషు ప్రభుత్వం అక్కడ సర్వే మొదలుపెట్టి, పటాల మీద పేర్లన్నీ ఇంగ్లీషు స్పెల్లింగుల్లోకి దించింది. అదృష్టం ఏమిటంటే, 1830లో ఆ పనిలో చేరిన జాన్ ఒడోనవన్ పండితుడు పల్లెపల్లెకీ తిరిగి, ముసలివాళ్ళని అడిగి, అసలు పేర్లు కూడా రాసిపెట్టారు. 1845లో మొదలైన కరువులో ఐరిష్ మాట్లాడే పల్లెలెన్నో ఖాళీ అయిపోయాయి. అప్పటికే ఆయన పుస్తకాలు చాలావరకు నిండాయి.

ఇప్పుడు ఆర్డీ దారిలో బోర్డుమీద ఇంగ్లీషు పేరుకి పైన ఐరిష్ పేరూ ఉంటుంది. అందులో ఫెర్డియా ఉన్నాడు.