గర్భిణుల ఆందోళన: తప్పు లెక్కలు వేసే ఆలోచనలు (అనంతపురం)

కడుపుతో ఉన్నప్పుడు భయం వేయడం జబ్బు కాదు. రాబోయే కీడు ఖాయమన్న ఆలోచన రోజుల తరబడి సుడి తిరుగుతూ తిండీ నిద్రా చెడగొడితే మాత్రం దాన్ని పట్టించుకోవాలి. మనసు వేసే ఇలాంటి తప్పు లెక్కలను అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో గుర్తించి, కాగ్నిటివ్ థెరపీ అనే చికిత్సకు పునాది వేశాడు.

అనంతపురం దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. శనక్కాయ ఊడలు దిగే వేళ బెట్ట తగిలితే కాయ పట్టదు, ఏడాదంతా అప్పుల పాలే. మగవాళ్లు బెంగళూరుకు పనులకు పోతారు. ఇలాంటి ఇంట్లో పెరిగిన ఆడమనిషికి కీడెంచి మేలెంచడం బతుకు నేర్పిన తెలివి. దాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం అన్యాయం. మనసు కీడెంచడం దగ్గరే ఆగిపోయి, మేలెంచడం దాకా రానప్పుడే చిక్కు.

స్కానింగ్ గది దగ్గర ఇది తరచుగా జరిగేదే. ఏడో నెల గర్భిణిని పరీక్షిస్తూ డాక్టరమ్మ తెర వైపే చూసి ఏమీ మాట్లాడలేదనుకుందాం. బయటికొచ్చి బల్ల మీద కూర్చున్న ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంటుంది. ఏదో ఉంది, నాకు చెప్పడం లేదు. ఉమ్మనీరు తగ్గిందేమో. ఆపరేషన్ అంటే డబ్బెక్కడిది? బిడ్డ దక్కకపోతే అత్తింట్లో ఏమంటారు? బస్సు వచ్చేలోగా బిడ్డ పోయినంత దుఃఖం. ఇందులో ఆమె కళ్లారా చూసింది ఒక్కటే, డాక్టరమ్మ మాట్లాడకపోవడం. ఎదుటివారి మనసులో మాట తనకు తెలుసనుకోవడం ఒక తప్పు లెక్క, చిన్న గుర్తు నుంచి ఘోరం దాకా దూకడం మరొకటి. చూసింది వేరు, అనుకున్నది వేరు అని రెండుగా విడదీయడం చికిత్సలో మొదటి మెట్టు. వెనక్కి వెళ్లి ‘బిడ్డ ఎట్లుంది మేడమ్?’ అని అడగడం రెండోది. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసే పరీక్షల్లో ఈ ప్రశ్నకు చోటుండాలి.

తనను తాను నిందించుకోవడం ఇంకా లోతుగా కోస్తుంది. గ్రహణం వేళ కూరగాయలు తరిగినందుకు బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని నెలల తరబడి కుమిలిపోయేవాళ్లున్నారు. పై పెదవి గర్భం దాల్చిన తొలి రెండు నెలల్లోనే కలిసిపోతుంది. ఏడో నెలలో పట్టిన గ్రహణం దాన్ని చీల్చలేదు. తల్లుల్లో కుంగుబాటును పసిగట్టేందుకు 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నల్లో ఒకటి అనవసరంగా తనను తాను తప్పుపట్టుకోవడం గురించే. ఒక పూట ఐరన్ మాత్ర మరిచిపోతే అంతా పాడైందనుకోవడం కూడా ఇలాంటి తప్పు లెక్కే.

అయితే ప్రతి భయమూ ఊహ కాదు. రక్తస్రావం, చూపు మసకబారేంత తలనొప్పి, ఫిట్స్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం వంటివి కనిపిస్తే ఆలోచనలను తూకం వేస్తూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ‘అదంతా నీ భ్రమ’ అనే ఇంటివారి మాట ఇలాంటప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది.

మన పరిస్థితులకు దగ్గరగా ఉండే చోట ఈ చికిత్స పనిచేస్తుందని చూపింది పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగిన అధ్యయనం. అక్కడ ఆందోళనతో ఉన్న గర్భిణులకు చికిత్స చేసింది పెద్ద డాక్టర్లు కాదు, మనస్తత్వశాస్త్రం చదివి, చికిత్స చేసిన అనుభవం లేకున్నా ఇందుకు శిక్షణ పొందినవారు. కాన్పయిన ఆరు వారాలకు ఆ తల్లుల్లో ఆందోళన, కుంగుబాటు మిగతావారికంటే తక్కువగా కనిపించాయి. ఆ ఫలితాలు 2024లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో వచ్చాయి. ఊళ్లో ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ ఉన్నారు కనుక ఇక్కడా దారి ఉంది. వారికి కావలసింది శిక్షణ, గర్భిణి పక్కన కూర్చుని వినడానికి కాస్త తీరిక.

2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా అందుతుంది. నిద్ర పట్టక, బతకాలని లేదనిపించే స్థితిలో ఉన్న గర్భిణికి ఆ నంబరు కలిపి ఫోన్ చేతికివ్వాలి. సాయం అందేదాకా ఆమెను ఒంటరిగా వదలకూడదు.