శంకుచ్ఛాయ మొదలు ఉపగ్రహము వఱకు

ఈ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవిషయకమగు వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరిరి. సంచికలయందు వంశచరిత్రలును దాతల ప్రశంసలును విరివిగా వచ్చుచున్నవి, అవి రావలసినవే. అయినను మన వంశములు నిలిచిన నేలను ఎవరు కొలిచిరి, ఎట్లు కొలిచిరి, ఆ కొలతపటమును చదువగలవారు మనలో ఎందఱు కలరు అను ప్రశ్న కొంతకాలముగా నన్ను వదలకున్నది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున భూముల రీసర్వే ప్రారంభమైన పిదప ఇది పండితగోష్ఠికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. పైన డ్రోను ఎగురుచుండ, గట్టుమీద ఉపగ్రహసంకేతములను గ్రహించు పరికరము నిలిపియుండ, పట్టాదారు ప్రక్కన నిలువబడి, చూపిన చోట సంతకము చేయుట నేను చూచితిని. ఆ పటమున ఉత్తరమెటని అడిగినచో ఆయన చెప్పజాలకపోయెను. ఆయన చదువుకొన్నవాడే.

దిక్కు తెలియుట మనకు క్రొత్తవిద్య కాదు. సూర్యసిద్ధాంతమున త్రిప్రశ్నాధికారమను అధ్యాయము కలదు. దిక్కు, దేశము, కాలము అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పునది గనుక దానికా పేరు. సమతలమగు రాతిపైన గాని, గచ్చుపైన గాని వృత్తమును గీచి, నడుమ పండ్రెండంగుళముల శంకువును నిలుపవలెను. ప్రొద్దుట శంకుచ్ఛాయాగ్రము వృత్తపరిధిని ఏచోట తాకి లోనికి వచ్చునో అచట నొక గుర్తు; మధ్యాహ్నము దాటిన పిమ్మట ఏచోట తాకి వెలికి పోవునో అచట నొక గుర్తు. మొదటిది పడమర, రెండవది తూర్పు. ఆ గుర్తులు కేంద్రములుగా రెండు చాపములను గీయగా నేర్పడు చేపయాకారమునకు తిమియని పేరు. దాని తలతోకలను కలుపు గీత దక్షిణోత్తరరేఖ. ఇందు సూదియును లేదు, అయస్కాంతమును లేదు.

ఇక దేశమును కొలుచుట. భాస్కరాచార్యులవారు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందు భూపరిధిని తెలిసికొను ఉపాయమును చెప్పిరి. ఒకే దక్షిణోత్తరరేఖమీదనున్న రెండు పురములకు గల అక్షాంశభేదమును, వాని నడుమ గల యోజనములను ఎఱిగినచో త్రైరాశికముచే సమస్త పరిధియు వచ్చును. సూత్రమింతే. కాని సర్వమును మన పూర్వులే యెఱిగియుండిరని పలుకువారితో నేనేకీభవింపను. సూత్రమెఱుగుట వేఱు, గొలుసు పట్టుకొని దేశమంతయు కొలుచుట వేఱు. ఆ రెండవపని ఇచట పందొమ్మిదవ శతాబ్దారంభమున గాని మొదలుకాలేదు; అదియు పరపాలకుల పన్నులకొఱకును, సైన్యముల నడకకొఱకును మొదలైనది.

చెన్నపట్టణమున 1792లో నక్షత్రశాల నెలకొల్పబడినది. అచటి నల్లరాతి స్తంభముపై లాటిను, తమిళము మున్నగు భాషలతోపాటు తెలుగునను శాసనము చెక్కబడియున్నది. మఱి రెండేండ్లకు, 1794లో, అదే పట్టణమున సర్వే పాఠశాల యేర్పడెను. నేటి గిండీ ఇంజనీరింగు కళాశాలకు అదియే మూలము. ఆ కాలముననే ఏలూరివాడగు కావలి వెంకట బొఱ్ఱయ్యగారు కర్నలు కాలిన్ మెకంజీవద్ద పనికి కుదిరిరి. నైజాము రాజ్యమునందును మైసూరునందును భూమిని కొలిచిన మెకంజీకి ఊరిపేరు, ఊరికథ, శాసనము, కైఫీయతు తెచ్చియిచ్చినవారు బొఱ్ఱయ్యగారును, ఆయన తమ్ములును, వారి సహచరులును. బొఱ్ఱయ్యగారు 1803లో చిన్నవయసుననే గతించిరి. భారతీయజ్ఞానమునకు తనకు ద్వారము తెఱచినవాడు అతడేయని మెకంజీ పిమ్మట వ్రాసికొనెను. కొలత దొరవారిదైనను, కొలిచిన చోటికి పేరును అర్థమును ఇచ్చినది మనవారని దీనివలన తెలియుచున్నది.

అసలైన మహాకార్యమును మొదలిడినవాడు విలియం లాంబ్టను. 1802 ఏప్రిలులో చెన్నపట్టణముచెంత పరంగికొండకడ, నూఱడుగుల ఉక్కుగొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను అతడు కొలిచెను. ఆ గొలుసు చీనా చక్రవర్తికి కానుకగా పంపగా ఆయన నిరాకరించినదట! ఒక భుజమును రెండు కోణములును తెలిసినచో త్రిభుజమున తక్కిన భుజములు గణితముచే వచ్చునని మన పిల్లలు చదువుకొనుచున్నారు. లాంబ్టను చేసినది అదియే. ఒక్క రేఖను గొలుసుతో కొలిచి, తక్కినదంతయు కొండలమీదినుండి కోణములతో సాధించెను. అప్పుడప్పుడు మరల నొక రేఖను కొలిచి లెక్కను సరిచూచుకొనెడివాడు; 1811లో మన గుత్తికడ కొలిచినది అట్టి రేఖయే. కోణముల కొలచు థియోడొలైటు అరటన్ను బరువు. 1808లో తంజావూరి ఆలయవిమానముమీదికి ఎక్కించుచుండగా త్రాడు తెగి అది దెబ్బతినెను. లాంబ్టను వారములతరబడి కూర్చుండి తన చేతులతోనే దానిని బాగుచేసికొనెను. హైదరాబాదు తనకు ముఖ్యస్థానముగా చేసికొని పనిచేసి, 1823లో నాగపురమునకు పోవుత్రోవలో హింగన్‌ఘాటునందు మరణించెను.

అతని తరువాతివాడు జార్జి ఎవరెస్టు. కృష్ణాగోదావరుల నడిమి అడవులలో వానకాలమున త్రిభుజములు కట్టబోయి అతడును అతని పరివారమును విషజ్వరముపాలైరి. దొర ఆరోగ్యముకొఱకు 1820లో దక్షిణాఫ్రికాకు పోయెను. జెండా మోసిన ఖలాసీలు ఎచటికి పోయిరో ఎవరును వ్రాయలేదు. కొండకొమ్ములపై చెట్లు కొట్టినవారు, రాత్రులు దీపము పట్టినవారు, సామాను మోసినవారు ఈ నేలవారే. శిఖరమునకు దొర పేరు నిలిచినది, దాని యెత్తును లెక్కగట్టిన బెంగాలీ గణకుడు రాధానాథ సిక్దారు పేరు చాలకాలము మఱుగున పడినది. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. 2020లో నేపాళ చీనా ప్రభుత్వములు ప్రకటించినది 8,848.86 మీటర్లు. భేదము సుమారు ముప్పదియడుగులే!

ఇచట నొక బడిపంతులును తలంపక పోజాలను. నా వృత్తివాడు గదా. హిమాలయములలోని మిలాం గ్రామమువాడగు నైన్‌సింగు రావతును పండితుడనియే సర్వేవారు పిలిచెడివారు. తిబ్బెతులోనికి పరదేశీయులకు ప్రవేశము లేని కాలమున, 1865లో, యాత్రికవేషమున అతడు బయలుదేరెను. జపమాలలో నూటయెనిమిదికి మాఱు నూఱు పూసలే, నూఱడుగులకొక పూస. మాల తిరిగినచో పదివేలడుగులు. జపచక్రమున మంత్రములకు బదులు కొలతల చీట్లు. 1866 జనవరిలో లాసా చేరి, ఆ నగరపు అక్షాంశమును నిర్ణయించెను. లండను భూగోళసంఘమువారు 1877లో స్వర్ణపతకమిచ్చిరి. రెండు కాళ్ళే గొలుసుగా, మనస్సే పుస్తకముగా కొలిచినవాడాతడు.

ఇంత శ్రమతో పుట్టిన పటమును చదువుట కష్టము కాదు. నేడు వాడుకలోనున్న పటములలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. గోధుమవన్నె గీతలు సమోన్నతరేఖలు. ఒక్కొక్క గీతమీది నేల అంతయు ఒకే ఎత్తున నుండును. గీతలు దగ్గఱగా నున్న నిటారు, దూరముగా నున్న పల్లము తిన్ననిది. నీలము నీరు, పచ్చన అడవి, ఎఱ్ఱన బాటలు, ఇండ్లు. దిక్సూచితో పటమును ఉత్తరమునకు త్రిప్పి, కంటికి కనబడు ఒక కొండకొమ్మును, ఒక గోపురమును అందు గుర్తించి, వానినుండి మనవైపునకు రెండు గీతలు గీచినచో, అవి కలియుచోట మనము నిలిచియున్నాము. లాంబ్టను త్రిభుజమే ఇది. సూది చూపునది అయస్కాంతోత్తరము, శంకువు చూపునది నిజోత్తరము. మన సీమలో భేదము స్వల్పమే. ఇనుపగేటు ప్రక్కను, విద్యుత్తీగెల క్రిందను సూదిని నమ్మరాదు.

ఉపగ్రహపద్ధతిలో కోణములు లేవు, కాలమే కొలత. అమెరికావారి పద్ధతి 1978లో తొలి ఉపగ్రహముతో ఆరంభమై, 1995నాటికి పూర్ణమైనది. ఉపగ్రహము తన గడియారపు వేళను పంపును. ఆ సంకేతము మనకు చేరుటకు పట్టిన కాలమును వెలుగువేగముతో గుణింపగా దూరము వచ్చును. మూడు దూరములు చోటును తెలుపును. చేతిలోని పరికరపు గడియారదోషమును సవరించుటకు నాలుగవది కావలయును. సెకనులో పదిలక్షవవంతు తప్పినచో మూడువందల మీటర్ల దోషము. మన దేశపు తొలి మార్గదర్శక ఉపగ్రహము 2013 జూలైలో మన శ్రీహరికోటనుండియే పైకెగసెను. ఏడవది 2016 ఏప్రిలులో. వీనికి నావిక్ అని పేరు. మొదటిదానిలోని విదేశీ పరమాణుగడియారములు చెడిపోగా అది నిరుపయోగమైనది. 2023 మేనెలలో పంపిన ఉపగ్రహమున మనవారు స్వయముగా చేసిన గడియారమును ఉంచిరి. నాకిది పతకములకన్న గొప్పగా తోచినది.

అయితే ఈ బిందువు మనము ఎచట ఉన్నామో చెప్పును గాని, ఏమిమీద ఉన్నామో చెప్పదు. తుపానునాడు సెల్లు గోపురము పడిపోయినను ఉపగ్రహసంకేతము అందుచునే యుండును. రాకపోవునది దానిక్రింది పటము. అపుడు తెల్లని తెరపై నీలపు చుక్క మాత్రము మిగులును. వాగుకు కల్వర్టున్నదో, కాలినడక రేవే యున్నదో పాతపటము చెప్పగలదు. నేడు ఇండ్లస్థలములైన చెఱువులను గూడ అది కట్టలతో సహా చూపుచున్నది. హద్దుల తగవులలో అందఱును దానినే వెదకుచున్నారు. మఱొక మెలకువ: ఆ పాతపటములు 1830లో ఎవరెస్టు నిర్ణయించిన భూగోళాకృతిని అనుసరించినవి, ఉపగ్రహములది వేఱు ఆకృతి. సవరింపక ఒకదాని అక్షాంశరేఖాంశములను రెండవదానిపై పెట్టినచో వందలాది అడుగుల తేడా వచ్చును. పొలము ప్రక్కవానిదగును! 2005నాటి పటవిధానముననుసరించి జనులకిచ్చు పటములు మాత్రము క్రొత్త ఆకృతిపైననే యున్నవి.

కావున కార్యవర్గమువారికి నా విన్నపము. 2017నుండి సర్వే శాఖవారు ఆ పటములను అంతర్జాలమున ఉచితముగా ఇచ్చుచున్నారు, ముద్రణకు స్వల్పవ్యయమగును. మన విద్యార్థి వసతిగృహమునకు జిల్లా పటములొక దొంతరయు, మంచి దిక్సూచులు రెండును ఒక దాత సమకూర్చినచో, ఆదివారములందు పాఠము చెప్పుటకు నేను సిద్ధముగా నున్నాను. శంకువును నేనే చేయించి తెచ్చెదను. పెరటిలో వేపచెట్టు నీడ పడుచున్నందున దానిని మేడమీదనే నాటవలసియుండును.